ఆరొందల గుర్రాలు... అయినా ఆవులింతలే!

రెండు కోట్లు పోసి కొన్న స్పోర్ట్స్‌కారు. కాలు అలా ఆనిస్తే చాలు, మూడు సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం. ఎంత మలుపైనా చక్రం జారదు. బ్రేకు తొక్కితే మేకు కొట్టినట్టు ఆగిపోతుంది. అలాంటి కారు నడుపుతుంటే ఎవరికైనా విసుగు పుడుతుందా?

పుడుతుంది! ఈ మాట అంటున్నది ఆ కారు కొనలేక అక్కసు పడేవాళ్లు కాదు. ఏళ్ల తరబడి కార్లు నడిపి వాటి గురించి రాసేవాళ్లు, స్వయంగా వాటిని తయారుచేసే ఇంజినీర్లు. రెండు దశాబ్దాలుగా వాళ్ల మధ్య నలుగుతున్న చర్చ ఇది. వినడానికి కడుపు నిండిన బేరంలా ఉంటుంది. వాన కోసం ఆకాశంకేసి చూసే అనంతపురం సీమకు ఈ గొడవతో ఏం పని అనీ అనిపిస్తుంది. పని ఉంది. ఆ విసుగును వదిలించుకోవాలని కొందరు దౌడు తీసే రోడ్డు ఈ సీమ మధ్య నుంచే వెళుతుంది. లక్షలాది కుటుంబాలు ఎక్కే కార్లు తయారవుతున్నదీ ఈ నేల మీదే.

ఇరవై పనిలో... మిగతావి విశ్రాంతిలో

బెంగళూరు వాళ్లకి లేపాక్షి అంటే ఆదివారపు షికారు. నూట ఇరవై కిలోమీటర్ల దూరం. తెల్లారకముందే బయల్దేరి, 44వ నంబరు జాతీయ రహదారి మీద కొడికొండ చెక్‌పోస్టు దాకా వచ్చి, అక్కడ పక్కకు తిరిగితే కాసేపట్లో ఏకశిలా నంది కనిపిస్తుంది. వీరభద్రాలయంలో వేలాడే స్తంభం చూసి, టిఫిన్ తిని, ఎండ ముదిరేలోగా ఇంటికి చేరిపోవచ్చు. ఈ దారిలో వచ్చే బైకుల బృందాలు, కుటుంబాల కార్ల మధ్య అప్పుడప్పుడూ నేలకు కరుచుకున్నట్టుండే స్పోర్ట్స్‌కార్లూ కనిపిస్తాయి.

రోడ్డు చూస్తే ముచ్చటేస్తుంది. నాలుగు వరసలు, మధ్యలో గన్నేరు చెట్లు. అటూఇటూ వేరుసెనగ చేలు, బండరాళ్లు పేర్చినట్టుండే గుట్టలు. ఏడాదికి సగటున ఐదొందల యాభై మిల్లీమీటర్ల వాన కూడా సరిగ్గా పడని పీఠభూమి కాబట్టి చెట్టూచేమా తక్కువ. చూపు మైళ్ల దూరం పారుతుంది. రోడ్డు కూడా అంతే తిన్నగా సాగుతుంది.

ఇక్కడే ఓ చిన్న లెక్క వెయ్యాలి. చదునైన రోడ్డు మీద మామూలు కారు గంటకు వంద కిలోమీటర్ల వేగంతో నిలకడగా వెళ్లడానికి అయ్యే ఖర్చు దాదాపు ఇరవై హార్స్‌పవర్. గాలిని చీల్చుకుపోవడానికి, టైర్ల రాపిడిని తట్టుకోవడానికి అది చాలు. మన నాలుగు వరసల హైవేల మీద అంతకు మించి పోనివ్వరు. అంటే ఆరొందల హార్స్‌పవర్ కారు తీసుకుని బెంగళూరు నుంచి అనంతపురం బయల్దేరితే, రూలు ప్రకారం నడిపినంతసేపూ పని చేసేవి ఇరవై గుర్రాలే. మిగతా ఐదొందల ఎనభై గుర్రాలూ కట్టుకొయ్య దగ్గర నిలబడి తోక ఊపుకుంటున్నట్టే! పక్క వరసలో వెళుతున్న ఎనభై హార్స్‌పవర్ చిన్నకారు కూడా దాదాపు అదే సమయానికి అనంతపురం చేరుతుంది. పైగా ఆ చిన్నకారు డ్రైవరుకు లారీని దాటేటప్పుడు గేరు తగ్గించడం, ఎదర ఖాళీని అంచనా వేయడం, సమయం చూసి కాలు నొక్కడం అని కొంత పనైనా ఉంటుంది. ఆరొందల గుర్రాలవారికి ఆ పనీ ఉండదు. బొటనవేలు కదిపితే అయిపోతుంది.

కష్టం లేనిచోట కిక్కు లేదు

సామర్థ్యం పెరిగేకొద్దీ సరదా తగ్గడమేంటి? దీనికి మనస్తత్వశాస్త్రంలో ఓ జవాబుంది. మిహాయి చిక్‌సెంట్‌మిహాయి అనే శాస్త్రవేత్త కొండలెక్కేవాళ్లు, చదరంగం ఆడేవాళ్లు, శస్త్రచికిత్సలు చేసే వైద్యులు, నృత్యకారులు... ఇలా రకరకాల వాళ్లను అడిగి తెలుసుకుని 1975లో ఓ పుస్తకం ప్రచురించాడు. ఆయన తేల్చింది ఇదీ... చేసే పని మన నైపుణ్యం కన్నా మరీ కష్టమైతే కంగారు పుడుతుంది. మరీ తేలికైతే విసుగొస్తుంది. రెండూ సరితూగినప్పుడే మనిషి ఒళ్లు మరిచిపోతాడు.

ఈ సంగతి రాయలసీమ రైతులకు ఎవరూ చెప్పక్కర్లేదు. జాతరల్లో జరిగే బండలాగుడు పోటీలే చూడండి. అక్కడ ఎద్దులకు బలం ఉంటే సరిపోదు. ఏ ఎద్దు ఎప్పుడు మొరాయిస్తుంది, ఏది అదిలిస్తే ఉరుకుతుంది, ఏ క్షణాన ఊపిరి తీసుకోనివ్వాలి అన్నది తోలేవాడికి తెలియాలి. ఎద్దు కదలికకు అతడి చేయి, అతడి గొంతుకు ఎద్దు కాలు బదులివ్వాలి. జనం విజిళ్లు వేసేది ఆ జుగల్‌బందీకే. అదే బండకు ట్రాక్టరు కట్టి లాగిస్తే నిమిషంలో పని పూర్తవుతుంది. చూసేందుకు మాత్రం ఎవరూ రారు!

కారు నడపడంలో సరదా కూడా ఇలాంటిదే. అది వేగంలో లేదు, బదులు పలకడంలో ఉంది. రోడ్డు ఏదో చెబుతుంది. స్టీరింగు దాన్ని చేతికి అందిస్తుంది. చేయి జవాబిస్తుంది. ఈ సంభాషణ సాగినంతసేపూ యాభై కిలోమీటర్ల వేగంలోనూ బోరు కొట్టదు. అది తెగిపోతే రెండొందల్లోనూ విమానంలో కూర్చున్నట్టే ఉంటుంది.

గాడ్జిల్లా కథ

ఈ చర్చలో తరచూ నలిగే పేరు నిస్సాన్ జీటీ-ఆర్. అభిమానులు ముద్దుగా గాడ్జిల్లా అంటారు. 2007లో టోక్యోలో దీన్ని ఆవిష్కరించినప్పుడు కార్ల ప్రపంచం నోరెళ్లబెట్టింది. అంతకు ఎన్నోరెట్లు ఖరీదైన ఇటలీ, జర్మనీ కార్లను ఇది అలవోకగా వెనక్కి నెట్టేసింది. నాలుగు చక్రాలకూ శక్తిని పంచే ఏర్పాటు, ఏ చక్రానికి ఎప్పుడు ఎంత ఇవ్వాలో క్షణక్షణం లెక్కగట్టే కంప్యూటర్లు దాని రహస్యం. డ్రైవరు చిన్నాచితకా పొరపాటు చేసినా కారే సర్దుకునేది.

సరిగ్గా దీని మీదే కొందరు విమర్శకులు పెదవి విరిచారు. ఇది వీడియోగేమ్‌లా ఉంది, ప్రాణం లేదు అన్నారు. ఆ మాటలో ఓ తమాషా ఉంది. జీటీ-ఆర్‌లో ఇంజిన్, టైర్ల వివరాలు చూపించే తెరను రూపొందించింది నిజంగానే ఓ వీడియోగేమ్ కంపెనీ. 'గ్రాన్ టురిస్మో' ఆటను తయారుచేసిన పాలీఫోనీ డిజిటల్! అందరూ ఈ విమర్శను ఒప్పుకోలేదు. కారును అంచులదాకా తీసుకెళ్తే దాని అసలు రుచి తెలుస్తుందని అభిమానులు వాదించారు. చిక్కల్లా ఆ అంచు ఎక్కడుందన్నదే. రేస్‌ట్రాక్ మీద సరే, మామూలు రోడ్డు మీద దాన్ని అందుకోవాలంటే ఒకటి లైసెన్సు పోవాలి, లేదంటే ప్రాణం పోవాలి. 2016 డిసెంబరులో ఈ కారు సుమారు రెండు కోట్ల ధరతో మనదేశానికీ వచ్చింది. 2025 ఆగస్టులో జపాన్‌లో దీని తయారీ ఆగిపోయింది. పద్దెనిమిదేళ్లలో తయారైనవి నలభై ఎనిమిది వేల కార్లు.

ఒక్కొక్కటే లాక్కున్నారు

జీటీ-ఆర్ ఒక్కదాన్నే ఆడిపోసుకోవడం అన్యాయం. గత పాతికేళ్లలో డ్రైవరు చేతిలోంచి పనులు ఒక్కటొక్కటిగా జారిపోతూ వచ్చాయి.

మొదట గేర్లు. రెండు క్లచ్‌లతో దానంతటదే గేరు మార్చుకునే యంత్రం 2003లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ ఆర్32తో మార్కెట్లోకి వచ్చింది. ఒక గేరు నడుస్తుండగానే రెండోది సిద్ధంగా ఉంటుంది. కన్ను మూసి తెరిచేలోగా మార్పిడి అయిపోతుంది. ఎంత చెయ్యితిరిగిన డ్రైవరైనా అంత వేగంగా మార్చలేడు. కాబట్టి స్పోర్ట్స్‌కార్ల కంపెనీలు క్లచ్ పెడల్‌కు సెలవిచ్చేశాయి.

తర్వాత స్టీరింగు. పూర్వం నూనె పీడనంతో పనిచేసే పవర్ స్టీరింగు ఉండేది. రోడ్డు మీది గరుకుదనం, టైరు పట్టు సడలడం అరచేతికి సన్నగా తెలిసేది. ఇంధనం ఆదా అవుతుందని దాని స్థానంలో విద్యుత్ మోటారు పెట్టారు. 2011లో పోర్షే తన ప్రతిష్ఠాత్మకమైన 911కు ఈ మార్పు చేసినప్పుడు అభిమానుల్లో పెద్ద రగడే అయింది.

ఆపైన శబ్దం. కొత్త ఇంజిన్లు చిన్నవయ్యాయి, క్యాబిన్లు నిశ్శబ్దమయ్యాయి. దాంతో 2011లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5లో ఇంజిన్ చప్పుడును స్టీరియో స్పీకర్ల ద్వారా లోపలికి వినిపించారు. పెళ్లిలో మేళగాళ్లు పక్కనే వాయిస్తున్నా క్యాసెట్ పెట్టినట్టన్నమాట!

చివరిగా బరువు. భద్రత, విలాసం, బ్యాటరీలు కలిసి కార్లను స్థూలకాయులుగా మార్చాయి. 2024లో వచ్చిన బీఎండబ్ల్యూ ఎం5 శక్తి ఏడొందల హార్స్‌పవర్ పైమాటే. బరువు మాత్రం రెండు టన్నుల నాలుగొందల కిలోలు. మన మారుతీ 800లను మూడింటిని కట్టగట్టి తూచినా అంత తూగవు.

మారుతీ 800 అంటే గుర్తొచ్చింది. 796 సీసీ ఇంజిన్, ముప్ఫై ఏడు హార్స్‌పవర్. బరువు ఆరొందల యాభై కిలోలు. దానితో కొండెక్కినవాళ్లు ఆ ప్రయాణాన్ని ఇప్పటికీ కథలుగా చెబుతారు. మదనపల్లె దగ్గర హార్స్‌లీ హిల్స్ ఎక్కుతుంటే ఏ వంపులో రెండో గేరు, ఏ వంపులో మొదటిది అన్నది ముందే ఆలోచించుకోవాలి. ఊపు తగ్గితే ఇంజిన్ మూలుగుతుంది. ఏసీ ఆపేయాలి. పైకి చేరాక రేడియేటరుతో పాటు డ్రైవరూ ఓ నిట్టూర్పు విడుస్తాడు. 'ఎక్కించేశాం' అన్న ఆ గర్వం ఆరొందల గుర్రాల కారులో దొరకదు. అక్కడ కొండ ఎక్కేది కారు. ఎక్కించినవాడంటూ ఎవరూ ఉండరు.

వెనక్కి తిరిగినవాళ్లు

ఇది ముసలి అభిమానుల నిష్ఠూరమే అయితే కంపెనీలు పట్టించుకునేవి కావు. పట్టించుకున్నాయి. 2013లో పోర్షే తన 911 జీటీ3 కారును ఆటోమేటిక్ గేర్లతోనే తెచ్చింది. ట్రాక్ మీద అదే వేగవంతం మరి. కానీ కొనేవాళ్లలో చాలామంది గేరు రాడ్ కోసం బెంగపెట్టుకున్నారు. 2016లో మ్యాన్యువల్ గేర్లతో 911 ఆర్ అనే ప్రత్యేక మోడల్‌ను 991 కార్లకే పరిమితం చేసి విడుదల చేస్తే ఇట్టే అమ్ముడైపోయింది. మరుసటి ఏడాదే జీటీ3కి క్లచ్ పెడల్ తిరిగొచ్చింది. నెమ్మదిగా గేరు మార్చే అవకాశం కోసం జనం ఎగబడటం విడ్డూరమే!

ఫార్ములా వన్ కార్ల రూపశిల్పిగా పేరున్న గోర్డన్ ముర్రే మరీ ముందుకెళ్లాడు. 2020లో ఆయన చూపించిన టీ.50 కారు బరువు 986 కిలోలు. మ్యాన్యువల్ గేర్లు, డ్రైవరు సీటు నట్టనడుమ. గరిష్ఠ వేగంలో రికార్డులు కొట్టడం తన లక్ష్యమే కాదని, నడిపే అనుభవమే ముఖ్యమని పెట్టుకుని చేసిన కారది.

అయితే కోట్లు లేనివాళ్లకూ ఆ ఆనందం అందించవచ్చని ఎప్పుడో నిరూపించింది జపాన్. 1989లో మాజ్దా కంపెనీ మియాటా అనే రెండు సీట్ల బుల్లి కారు తెచ్చింది. మొదట్లో దాని శక్తి 116 హార్స్‌పవర్. బరువు టన్ను లోపే. దాని తయారీకి వాళ్లు పెట్టుకున్న సూత్రం ‘జిన్బా ఇత్తాయ్’... గుర్రమూ రౌతూ ఒక్కటే అని అర్థం. మన బండలాగుడు రైతు వింటే, అందులో కొత్తేముంది అంటాడేమో! 2016 నాటికి పది లక్షల మియాటాలు తయారయ్యాయి. 2012లో టయోటా 86 అనే కారుకైతే కావాలనే ఇంధనం పొదుపు చేసే కార్లకు వేసే తరహా సన్న టైర్లు వేశారు. పట్టు తక్కువైతే తక్కువ వేగంలోనే కారు కదలికలు డ్రైవరుకు తెలుస్తాయని. సామర్థ్యాన్ని తగ్గించి సరదాను పెంచారన్నమాట.

అన్నిటికన్నా తమాషా విద్యుత్ కార్లలో జరిగింది. వాటికి గేర్లు మార్చే పనే లేదు. చప్పుడూ లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ తీరాన ఫార్ములా-ఈ పోటీ జరిగినప్పుడు చాలామంది తెలుగు ప్రేక్షకులు ఆ సన్నటి ఈల శబ్దాన్ని తొలిసారి విన్నారు. అదే ఏడాది హ్యుందాయ్ తెచ్చిన అయోనిక్ 5 ఎన్ అనే విద్యుత్ కారు ఆరొందల హార్స్‌పవర్ పైబడినది. అందులో ఉత్తుత్తి గేర్లు పెట్టారు. మీట నొక్కితే గేరు మారినట్టు కారు కుదుపునిస్తుంది. పెట్రోలు ఇంజిన్ గుర్రుమన్నట్టు స్పీకర్లు మోత మోగిస్తాయి. యంత్రం నిష్ఖర్షగా పనిచేస్తే మనిషికి తోచదని గ్రహించి, చేత్తో తీసేసిన లోపాన్ని లెక్కగట్టి మళ్లీ అమర్చారు!

పెనుకొండ పక్కనే...

హ్యుందాయ్‌కి తోబుట్టువులాంటి కంపెనీ కియా. దాని కర్మాగారం ఉన్నది ఈ హైవే పక్కనే, పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర. 2017లో ఒప్పందం కుదిరింది. హంద్రీ-నీవా నీళ్లు గొల్లపల్లి జలాశయం ద్వారా వచ్చాయి. 2019 ఆగస్టులో తొలి సెల్టోస్ బయటికొచ్చింది. ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యంతో కట్టిన ఈ కర్మాగారం 2022లో జిల్లాల విభజన తర్వాత శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లింది.

ఇక్కడ తయారయ్యేవి స్పోర్ట్స్‌కార్లు కావు, కుటుంబాల కార్లు. అయినా ఆ చర్చ మొత్తం ఈ కార్లలోనూ కనిపిస్తుంది. 2020లో వచ్చిన సోనెట్‌లో ఐఎంటీ అనే ఏర్పాటు ఉంది. క్లచ్ పెడల్ ఉండదు, గేరు రాడ్ మాత్రం ఉంటుంది. ట్రాఫిక్‌లో ఎడమకాలికి విశ్రాంతి, చేతికి మాత్రం పని. అంటే బేరం కుదిర్చారు! 2023 నాటి సెల్టోస్ టర్బోకి దాదాపు నూట అరవై హార్స్‌పవర్. అంటే మారుతీ 800కి నాలుగు రెట్లకు పైనే. ఖరీదైన మోడళ్లలో గీత దాటకుండా స్టీరింగును సర్దే, ముందు వాహనాన్ని చూసి వేగం తగ్గించే ఏర్పాట్లూ వచ్చాయి. ఒకప్పుడు కోట్ల కార్లలో ఉన్నవి ఇప్పుడు స్కూలుకు పిల్లల్ని దించే కార్లలోకి దిగాయి.

ఇది మంచికే. కానీ ఓ మెలిక ఉంది. లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే బ్రిటన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1983లోనే దాన్ని గుర్తించింది. యంత్రం పనులన్నీ చేసేస్తూ, అది తడబడిన రోజున మాత్రం మనిషి అందుకోవాలంటే కుదరదు అన్నదామె. ఊరికే చూస్తూ కూర్చోవడం మనిషి చేతకాని పని. పైగా రోజూ చేయని పనిలో నైపుణ్యం తగ్గిపోతుంది. ఆమె రాసింది కర్మాగారాల గురించి, విమానాల లాంటి వాటి గురించి. మధ్యాహ్నం రెండు గంటలవేళ, భోజనం చేసి, గుత్తి నుంచి పెనుకొండకు తిన్నటి రోడ్డు మీద వెళుతూ కునికిపాట్లు పడే డ్రైవరుకూ అది అక్షరాలా వర్తిస్తుంది.

అలాగని పాతవే బంగారమా?

పాతకాలపు కార్లను తలచుకుని కన్నీళ్లు పెట్టుకోవాల్సిన పనీ లేదు. 1975లో వచ్చిన పోర్షే 911 టర్బోని 'భార్యల్ని విధవల్ని చేసే కారు' అని పిలిచేవారు. మలుపు మధ్యలో యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే చాలు, వెనకభాగం గిర్రున తిరిగేది. దానితో బోరు కొట్టే అవకాశమే లేదు. ఇంటికి తిరిగిరావడానికీ పూచీ లేదు. చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే ఏబీఎస్, జారుతున్న కారును దారిలో పెట్టే ఈఎస్‌సీ ఎన్నో ప్రాణాలు కాపాడాయి. అమ్మానాన్నల్ని వెనకసీట్లో కూర్చోబెట్టుకుని వెళ్లేవాడికి 'బోరు కొట్టే కారు' అన్నది తిట్టు కాదు, యోగ్యతాపత్రం.

కాబట్టి తప్పు సామర్థ్యానిది కాదు. సామర్థ్యానికీ రోడ్డుకూ పొంతన లేకపోవడానిది. వడ్డెర మేస్త్రి బండరాయి పగలగొట్టే సుత్తితో కంసాలి ఉంగరం చెయ్యలేడు కదా!

విసుగుకు మందు ఎవరి రోడ్డు మీద?

ఇప్పుడు అసలు సంగతి. ఆరొందల గుర్రాల కారులో వంద కిలోమీటర్ల వేగం నడకలా అనిపిస్తుంది. నూట యాభై ఫర్వాలేదనిపిస్తుంది. రెండొందలు దాటితేగానీ గుండె కొట్టుకోదు. విసుగు వదిలించుకునే దగ్గరిదారి యాక్సిలరేటరే. లోపల కూర్చున్నవాడికి వేగం తెలియనివ్వకపోవడమే మంచి కారు గొప్పదనం. ప్రమాదమూ అందులోనే ఉంది.

గంటకు వంద కిలోమీటర్లంటే సెకనుకు ఇరవై ఎనిమిది మీటర్లు. నూట యాభై అంటే దాదాపు నలభై రెండు. అడ్డం వచ్చినదాన్ని చూసి, బ్రేకు మీద కాలు పెట్టేలోపు సెకను గడిచిపోతుంది. అంటే బ్రేకు పడకముందే నలభై రెండు మీటర్లు ప్రయాణించేసినట్టు. ఆపైన ఆగడానికి పట్టే దూరం వేగంతో పాటు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. వంద నుంచి నూట యాభైకి వెళితే బ్రేకులు అణచాల్సిన శక్తి రెండుంబావు రెట్లు. ఎంత ఖరీదైన కారైనా ఈ లెక్క మారదు.

ఈ రోడ్డేమో రేస్‌ట్రాక్ కాదు. ఊళ్లను రెండుగా చీల్చుకుంటూ పోయిన రోడ్డు. ఇంటికి ఇటూ చేనుకు అటూ ఉన్నవాళ్లు రోజూ దాటాల్సిందే. గొర్రెల పెంపకానికి పెట్టింది పేరైన ప్రాంతం. వానల్లేనప్పుడు మేత వెతుక్కుంటూ మందలు రోడ్డు దాటుతాయి. వేరుసెనగ మూటలేసుకున్న ఆటో సర్వీసు రోడ్డులోంచి నెమ్మదిగా పైకొస్తుంది. ట్రాక్టరు ఎదురుదారిలోనే వచ్చేస్తుంది. గొర్రెలకాపరి కంటికి దూరంగా ఓ చుక్క కనిపిస్తుంది. అది ఎంత వేగంతో వస్తోందో అంచనా వెయ్యడానికి అతడికి తెలిసిన కొలమానం లారీలు, బస్సులు. ఆ లెక్కతో అడుగు ముందుకేస్తే... కారులో ఉన్నవాడికి ఎన్ని ఎయిర్‌బ్యాగులున్నా కాపరికి ఉన్నది భుజం మీద కంబళే.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో మరణించినవాళ్లు 1,68,491 మంది. వీరిలో నూటికి డెబ్భై మందికి పైగా ప్రాణాలు పోవడానికి కారణం అతివేగమేనని కేంద్ర రవాణా శాఖ నివేదిక తేల్చింది. వాటిలో స్పోర్ట్స్‌కార్ల వాటా ఏ మూలకూ రాదు. అయినా నేర్చుకోవాల్సిన సంగతి ఒక్కటే. కారుకు దమ్ముంది కదా అని రోడ్డుకు దమ్ము రాదు.

ఎక్కడ దొరుకుతుంది సరదా?

నిజంగా కారు దమ్మెంతో చూడాలనుకునేవాళ్లకు చోట్లు లేకపోలేదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరులో కారీ స్పీడ్‌వే లాంటి రేస్‌ట్రాక్‌లు అందుకోసమే ఉన్నాయి. అక్కడ ఎదురొచ్చేవాళ్లుండరు, దాటేవాళ్లుండరు. తప్పు చేస్తే అనుభవించేది చేసినవాడే. జీటీ-ఆర్‌లాంటి కారుకు ప్రాణం వచ్చేదీ అక్కడే. 

ఇక మనలాంటి కుటుంబాలకైతే అంత దూరమూ అక్కర్లేదు. కారు కొనేముందు షోరూమ్ వాళ్లు చెప్పే హార్స్‌పవర్ అంకెలు వింటూనే, ఓ పది నిమిషాలు మామూలు రోడ్డు మీద నలభై, యాభై వేగంలో నడిపి చూడండి. స్టీరింగు తిప్పితే కారు వెంటనే కదిలిందా, బద్ధకించిందా? బ్రేకు ఎంత తొక్కితే అంతే పడుతోందా? గుంతల రోడ్డులో నడుము ఏమంటోంది? ముందు అద్దంలోంచి నాలుగు మూలలూ తెలుస్తున్నాయా? ఆ వేగంలో నచ్చిన కారు పదేళ్లు నచ్చుతుంది. రెండొందల వేగంలో మాత్రమే నచ్చే కారు ఈ రోడ్ల మీద ఎప్పటికీ నచ్చదు.

గీతను కాపాడే ఏర్పాట్లుంటే వాడుకోండి. వాటికి అప్పజెప్పి కళ్లు మూయకండి. తిన్నటి హైవే మీద కళ్లు బరువెక్కితే వేగం పెంచడం మందు కాదు. కారు పక్కకు ఆపి, మొహం కడుక్కుని, టీ తాగడమే మందు. కొండ దారుల్లో తొందర అసలే వద్దు. తిరుమల ఘాట్‌లో ఎక్కడానికి కనీసం ఇరవై ఎనిమిది నిమిషాలు, దిగడానికి నలభై నిమిషాలు పట్టాలని దేవస్థానం నిబంధన పెట్టింది. ఎంత గొప్ప కారైనా అంతకన్నా ముందు చేరితే జరిమానాయే. అయినా ఆ నలభై నిమిషాల్లో విసుగొచ్చిందని అన్నవాళ్లు అరుదు. ప్రతి మలుపూ డ్రైవరుకు ఏదో ఒక పని చెబుతూనే ఉంటుంది కాబట్టి!

బోరు కొట్టేది కారు కాదు, చెయ్యడానికి ఏమీ లేకపోవడం. ఆ లోటును వేగంతో పూడ్చుకోవాలని చూసేవాళ్లకు ఎన్ని గుర్రాలున్నా చాలవు. చేతిలో పనితనం ఉన్నవాళ్లకు ముప్ఫై ఏడు గుర్రాలే మిగిలిపోతాయి.